నలభై మాటలు

సెర్మాక్ రోడ్డు మీద మూడు టైర్ల కొట్లు దాటాక
పళ్ళ డాక్టరుకీ మెక్సికన్ రొట్టెల బట్టీకీ మధ్య
ఒళ్ళు ముడుచుకుని కూర్చుంది ఆ హోటలు.
బోర్డు మీది చెక్ అక్షరాల్లో ఒకదానికి
నెత్తిమీద టోపీ ఎప్పుడో రాలిపోయింది.
షికాగో గాలికి టోపీలు నిలవవు.

పక్క వీధిలో లిఫ్టు బాగుచేసి వచ్చాను.
చేతులకింకా గ్రీజు వాసన.
ఆకలి అన్ని అంతస్తులూ దిగి
పాదాల్లోకి చేరింది.

ఆవుమాంసం మీద క్రీము పులుసు పోసి
పైన ఒక నిమ్మచక్ర, చెంచాడు ఎర్రపళ్ళ జాము,
పక్కన తెల్లగా, గుండ్రంగా క్నెడ్లిక్ ముక్కలు.
ఇడ్లీకి దూరపు చుట్టమేమో అనుకున్నాను.
మొదటి ముక్కకి చుట్టరికం తెంపుకున్నాను,
పులుసులో నానిన రెండో ముక్కకి
నోరు మూసుకుని మళ్ళీ కలుపుకున్నాను.

దాన్ని కత్తితో కోయరట.
కత్తి తగిలితే లోపలి ఊపిరి పోతుందట.
కింద దారం వేసి, పైకి మడిచి, రెండు కొసలూ లాగుతారు.
వంటింటి కిటికీలోంచి చూశాను:
పంటితో దారం తెంపుతోంది యులాలియా,
గుండీ కుట్టబోతున్నదానిలా.

మిచోకాన్ నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళు.
ముసలి యజమానురాలు జ్దిస్లావా
గరిటెతో మణికట్టు మీద కొట్టి కొట్టి నేర్పింది.
పోయేముందు పొయ్యినీ, పెద్ద గిన్నెనీ,
వంటల నోటుబుక్కునీ అప్పగించింది.
అందులో ఒక్క వాక్యం చదవలేదు యులాలియా.
మరకల్ని బట్టి పేజీ పోల్చుకుంటుంది:
నెయ్యి మరక బాతుది, ఊదారంగుది క్యాబేజీది.
ఆమెకు వచ్చిన చెక్ మాటలు నలభై.
అన్నీ తినదగినవే.

మూలబల్ల దగ్గర వెండెలీన్.
గురువారం మనిషి.
బీరు గ్లాసుకో పెన్సిలు గీత, కాగితం చీటీ మీద.
ప్రతి వారం పళ్ళెం తుడిచినట్టు తిని
ప్రతి వారం ఒకే ఫిర్యాదు:
"ఆవిడుండగా ఇలా ఉండేది కాదు."
లోపల్నించి గిన్నె చప్పుడే జవాబు.
వాళ్ళిద్దరి పలకరింపు అదే.

ఇవాళ ఫిర్యాదు లేదు.
సగం పళ్ళెం అలాగే ఉంది,
పులుసు మీద మీగడ కడుతోంది.
చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది యులాలియా.
నడుం మీద చెయ్యి. కళ్ళలో భయం.
తిట్టించుకోని వంటమనిషి భయం.

అతను నాలుక మీద వేలుంచి చూపాడు.
"డిసెంబరు జ్వరం నుంచి. ఏమీ లేదు ఇక్కడ.
కాగితం నములుతున్నట్టుంది."
ఇన్ని వారాలూ ఆ ఫిర్యాదు
మర్యాద కోసమే చేశాడని
నాకూ ఆమెకూ ఒకేసారి తెలిసింది.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.
అతని ఫోర్కే తీసుకుంది.
ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసి,
తన నలభైలోంచి వెతికింది.
"కిసెలే," అంది. పులుపు.
"కిసెలే... ఇంకొంచెం సాగదియ్యి," అన్నాడు.
సాగదీసింది.
"స్లత్కే." తీపి.
తల ఊపాడు. అతని గొంతు మింగింది, ఖాళీగా.
మిరియాల మాట దొరక్క
స్పానిష్‌లో చెప్పి, ముక్కు చిట్లించి, తుమ్మి చూపింది.
అతను నవ్వాడు. నాకూ పొలమారింది.

పళ్ళెం ఆమే ఖాళీ చేసింది,
ముద్దకో మాట చొప్పున.
చివరికి చెయ్యి అడ్డంపెట్టి అతనన్నాడు: "దొస్త్."
వాళ్ళ భాషలో చాలు అని అర్థం.
నా చెవికి వేరేగా వినిపించింది.
సరిచేయలేదు.

నా చీటీ మీద రెండు గీతలు.
అతని చీటీ మీద ఒకటే. రెండోది గీయబోయి
పెన్సిలు చెవి మీద పెట్టుకుంది యులాలియా.
"ఉప్పు తక్కువైంది కదూ?" అనడిగాడు,
లేస్తూ, కోటు చేతులు వెతుక్కుంటూ.
వంటింట్లో గిన్నె ఒకటి
గట్టిగా మోగింది.